గట్టు మీదికొచ్చిన పసుపు రాయి

కూర్చో. అలా గుమ్మానికి ఆనుకుని ఒంటికాలి మీద నిలబడటం కాదు, మఠం వేసుకుని సరిగ్గా కూర్చో అమ్మడూ. ఆ ఫోను బోర్లా పెట్టు. పెన్ను తియ్యి. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ అందానికి మార్చకు. మధ్యలో ప్రశ్నలు వేస్తే నాకు దారి తప్పుతుంది, ముందే చెబుతున్నా.

నిన్న నీ స్నేహితురాలు వచ్చినప్పుడు ఏమన్నావు? "మా చిన్న తాతయ్యేనే, గ్యాసు పైపు తవ్వేసి ఊరికి మంట పెట్టింది" అని నవ్వావు. ఆ పిల్లా నవ్వింది. గేదెని తోలుకొచ్చి అరుగు మీద కూర్చున్న మా తమ్ముడూ నవ్వాడు. వాడు నవ్వాడు చూశావూ, అదే నాకు రాత్రంతా గుచ్చుకుంది. ఈ పన్ను చూడు, ముందు పన్ను, సగానికి విరిగింది. గట్టు మీద కాలు జారి పడ్డానని మీ నాన్నకీ, అత్తలకీ చెప్పాను, నీకూ చెప్పాను. జారి పడలేదు. మీ తాతయ్య పార కర్రతో కొట్టారు. రాయి. ఏం, చెయ్యాగిందే? ఆయన పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు రాస్తే ఆయనకి నొప్పేం పెట్టదు.

మనకి దెందులూరుకి దిగువన, కొల్లేరు వైపు వెళ్ళే మురుగుకాలవ దగ్గర మూడెకరాలు ఉండేది. ఇప్పుడు అది చేపల చెరువు. అప్పుడు వరి. దాంట్లోంచే భూమి కింద గ్యాసు పైపు వేసుకుంటూ పోయారు కంపెనీవాళ్ళు. ఫ్యాక్టరీలకి వెళ్ళే లైను అన్నారు. కందకం తీశారు, పైపు దించారు, మట్టి కప్పేశారు. మళ్ళీ మా చేను మాకే ఇచ్చి, వరి వేసుకోండి గానీ లోతుగా తవ్వకండి, చెట్లు నాటకండి అని చెప్పిపోయారు. గుర్తుకి పసుపు రంగేసిన రాళ్ళు పాతారు. మా పాలివాడి చేలో, అదే మీ తాతయ్య దాయాది చేలో ఒకటి, మా చేలో ఒకటి, కాలవ అవతల ఒకటి. ఒక రాయి దగ్గర నిలబడి చూస్తే మిగతా రాళ్ళు వరసగా ఒకే చూపులో కనపడాలి. ఆ చూపు కిందే పైపు.

మా చేలో రాయి మధ్యకొచ్చింది. తూర్పు గట్టు నుంచి నా అడుగులతో ఇరవై రెండు. ఊడ్పులప్పుడు నేనే లెక్కపెట్టాను. నారుకట్ట చేత్తో పట్టుకుని వెనక్కి వెనక్కి జరుగుతుంటే నడుముకి తగిలేది ముదనష్టపు రాయి. అక్కడే నా నీళ్ళ సీసా పెట్టుకునేదాన్ని. కూలోళ్ళు నవ్వేవారు, "ఏవండోయ్, అమ్మగారికి చేలో కుర్చీ వేయించారండీ అయ్యగారు" అని.

నవ్వులాటగా ఉన్నన్నాళ్ళు బాగానే ఉంది. మా వైపు చేలో రాయి అంటే హద్దు రాయే. హద్దు రాయి గట్టు మీద ఉండాలి గానీ చేను మధ్యలో ఉండకూడదు. మధ్యలో ఉందంటే అక్కడితో ఒకడి భూమి అయిపోయి ఇంకొకడిది మొదలైనట్టు. మా పాలివాడికీ మీ తాతయ్యకీ ఆ తూర్పు ముక్క మీద పాత తగువు. ఒకరోజు వాడు పంట బోదె గట్టున నిలబడి పళ్ళు ఇకిలించాడు.

"ఏం అన్నయ్యా, మన పెద్దమనుషులు తెగ్గొట్టలేని తగువు కంపెనీవోళ్ళు తెగ్గొట్టేశారు. నా వాటాకి హద్దు వేసి పెట్టారుగా!"

మీ తాతయ్య చేతిలో పార ఉంది. తిరగేసి ఒక్కటిచ్చారు. వాడి చెవి చిరిగింది. అలాంటి మనిషి ఆయన, మాట కంటే ముందు చెయ్యి. ఆ ఏడే దాళ్వా కోతకి కోత మిషను వచ్చి, దుబ్బుల్లో కనపడక ఆ రాయికి గుద్దుకుంది. బ్లేళ్ళు ఊడి ఇనపముక్కలు జివ్వున ఎగిరాయి. మిషను డ్రైవరు బూతులు తిట్టాడు. సాయంత్రానికి మీ తాతయ్య గడ్డపార తీసుకెళ్ళి రాయి పెకలించి, దొర్లించుకుంటూ తీసుకొచ్చి తూర్పు గట్టు మీద పాతేశారు. ఎంత శుభ్రంగా పాతారనుకున్నావు! తాడు వేసి నిటారుగా చూసుకుని మరీ పాతారు. నేను కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు ఇస్తూ, "తప్పు కాదాండీ, వాళ్ళు అడిగితే?" అన్నాను. "నోరు తెరిచావంటే నిన్నూ పాతేస్తాను పక్కన" అన్నారు. తెరవలేదు.

లైను వెంబడి నడిచి చూసే మనిషి ఒకాయన ఉండేవాడు. సైకిలు, నారింజరంగు కోటు, చేతిలో కర్ర. నెమ్మదైన మనిషి. వచ్చి మా రాయి దగ్గర ఆగి, అటు చూసి ఇటు చూసి, "అమ్మగారూ, ఈ రాయికీ కాలవ అవతల రాయికీ చూపు కలవట్లేదండి" అన్నాడు. నేను కోడిపెట్టని తోలుతున్నట్టు నటించాను. మీ తాతయ్యని అడిగితే, "నీ కళ్ళకి అద్దాలు పెట్టించుకో" అని తరిమేశారు. రాయి జరిపితే కేసవుతుందండి అని ఆయన వెళుతూ వెళుతూ అనడం నేను విన్నాను. ఆ మాట నాలో దిగబడిపోయింది. కేసు. మొగుణ్ణి జైల్లో పెట్టిస్తానా?

తర్వాత నాలుగైదేళ్ళకి చుట్టూ అందరూ చెరువులు తవ్వేశారు. మన వరి చేను మధ్యలో గిన్నెలా మిగిలింది. పక్క చెరువుల ఊటకి దుబ్బులు కుళ్ళిపోయేవి. మనమూ తవ్విద్దామన్నారు మీ తాతయ్య. తవ్వడానికి మా తమ్ముడు ఉండనే ఉన్నాడు. వాడు తాడేపల్లిగూడెంలో ఒకాయన దగ్గర పొక్లెయిన్ నడిపేవాడు. కొల్లేటికోట చుట్టుపక్కల వాడు తవ్వని చెరువు లేదు. మా అమ్మ పోయేటప్పటికి వాడికి మూడేళ్ళు, నాకు పదమూడు. నా చంక దిగకుండా పెరిగాడు. ఆ బకెట్టుతో గుడ్డు పగలకుండా తీసి పక్కన పెడతానని పందెం కట్టేవాడు. కట్టి గెలిచేవాడు కూడా.

పనికి ముందురోజు మధ్యాహ్నం మనింటికి వచ్చాడు. కొరమీను పులుసు చేశాను. ఈ వరండాలోనే పీటేసి కూర్చోబెట్టాను. కుడిచేత్తో ముద్ద కలుపుతూ అడిగాడు.

"బావగారూ, లైను ఎటు పోతుందండి? ఆ కంపెనీవాళ్ళకి ఫోను చేశారా? మిషను పెట్టేముందు వాళ్ళొచ్చి యంత్రంతో చూసి గుర్తులు పెడతారు. ముందు పారలతో చిన్న గుంటలు తీసి పైపు కంటితో చూసుకోవాలి. చూడకుండా బకెట్టు దింపనండి నేను."

"రాయి కనపళ్ళేదేంట్రా? గట్టు కిందనుంచి పోయింది. గట్టు జోలికి రాకు, అంతే. ఫోన్లు చేస్తే వాళ్ళు నెలరోజులు తిప్పుతారు. ఈలోగా వాన పడుతుంది."

"అక్కా, గట్టు కిందేనా?"

నన్ను అడిగాడు అమ్మడూ. నా మొహంలోకి చూసి అడిగాడు. మీ తాతయ్య నా వైపు చూడలేదు, కంచంలోకే చూస్తూ చేప ముల్లు తీస్తున్నారు. నేను గరిటెతో పులుసు వేసి, "ఇంకొంచెం వేయించుకోరా" అన్నాను. ఔననలేదు, కాదనలేదు. పైపు లోతులో ఉందిలే, అంత కిందికి పోదులే అనుకున్నాను. ఎంత లోతో నాకేం తెలుసు? ఏళ్ళ తరబడి దమ్ము చేసి మట్టి ఎటెటో జరిగిపోయిందని, పైపు నడుము లోతుకి వచ్చిందని ఎవరికి తెలుసు?

నేను కాదనకపోయేసరికి గట్టు కిందేనని నమ్మి, తెల్లారి వాడు పని మొదలుపెట్టాడు. నేను ఇంట్లో ఇడ్లీ పిండి కలుపుతున్నాను. మిషను చప్పుడు ఇక్కడికి వినపడుతుంది. బకెట్టు పడ్డ చప్పుడల్లా లెక్కపెడుతున్నాను. పడమటి నుంచి తవ్వుకుంటూ వస్తున్నాడు. గంటలో మధ్యకి వస్తాడు. చెయ్యి పిండిలో ఉండగానే లేచి పరిగెత్తాను. చెప్పుల్లేవు. కారియర్ తెచ్చానని చెప్పడానికి కారియర్ కూడా లేదు చేతిలో.

నేను వెళ్ళేసరికి అక్కడ లైను మనిషి సైకిలు అడ్డం పెట్టి నిలబడి ఉన్నాడు. చేతులు జోడించి బతిమాలుతున్నాడు.

"ఆపించండయ్యా. మీ రాయి చూపు కలవట్లేదని నాలుగేళ్ళుగా చెబుతున్నాను. పైవాళ్ళకి ఫోను చేశాను, బయల్దేరారు. గుర్తులు పెట్టేదాకా మిషను ముట్టకూడదండి."

"నా చేలోకి రావడానికి నువ్వెవడివిరా?"

మీ తాతయ్య సైకిలెత్తి మురుగుకాలవలో గిరాటేశారు. ఆయన సైకిలు కోసం వంగాడు. వంగినవాడి తల మీద పార కర్రతో కొట్టారు. కొబ్బరికాయ పగిలిన చప్పుడు వచ్చింది. ఆయన కూలబడిపోయాడు, నారింజరంగు కోటు మీద రక్తం కారుతోంది. గట్టున టీ కాచుకుంటున్న ఇద్దరు కూలోళ్ళు లేచి నిలబడ్డారు గానీ ఒక్కడూ దగ్గరికి రాలేదు. మా తమ్ముడు క్యాబిన్లోంచి "బావగారూ, ఏంటండిది!" అని అరిచాడు, బకెట్టు గాల్లో ఆగింది.

నేను గుంటలోకి దూకాను. తడి మట్టి, చీలమండల దాకా దిగబడ్డాను. ఆ బకెట్టు కిందికెళ్ళి కూర్చుండిపోయాను. "ఇక్కడేరా తమ్ముడూ! రాయి ఇక్కడే ఉండేది! నీళ్ళ సీసా ఇక్కడే పెట్టేదాన్ని! గట్టు కింద లేదురా, మీ బావ రాయి జరిపేశారు!" అని అరిచాను. ఊరందరికీ వినపడాలన్నంత గట్టిగా అరిచాను.

మీ తాతయ్య దిగొచ్చి నా జుట్టు పట్టుకున్నారు. ముడి ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. ఈడ్చారు. నేను మట్టిని గోళ్ళతో పట్టుకున్నాను. అప్పుడు కొట్టారు, మొహం మీద, అదే కర్రతో. పన్ను నాలిక మీద పడింది, రాయి ముక్కలా తగిలింది. ఉమ్మేశాను.

ఇంజను ఆపకుండానే మా తమ్ముడు మిషను మీద నుంచి దూకాడు. జీవితంలో బావ ఎదురుగా కాలు మీద కాలు వేసుకోనివాడు, ఆయన గొంతు పట్టుకుని గుంట ఒడ్డుకేసి బాదాడు. ఇద్దరూ బురదలో దొర్లారు. ఎవరి చెయ్యి ఎవరిదో తెలియట్లేదు. "మా అక్కని కొడతావా! మా అక్కని!" అదొక్కటే మాట. ఆయన్ని పడేసి వచ్చి నన్ను రెండు చేతుల మీదా ఎత్తుకుని గట్టెక్కించాడు.

మేము ఒడ్డుకి చేరామో లేదో, వెనక మిషను కదిలిన చప్పుడు. మీ తాతయ్య క్యాబిన్లోకి ఎక్కేశారు. ట్రాక్టరు తోలిన ధైర్యం. మొహమంతా బురద, కళ్ళు మాత్రం కనపడుతున్నాయి.

"ఏదీ మీ పైపు? చూపిస్తాను రండి! ఏదీ?"

బకెట్టు దింపారు. ఒకసారి మట్టి వచ్చింది. రెండోసారి మట్టి వచ్చింది. నా దవడ పట్టుకుని చూస్తున్నాను. మూడోసారి గీసుకుపోయిన చప్పుడు వచ్చింది, ఇనుముకి ఇనుము. "ఆపండి! గీత పడినా ప్రమాదమేనండి!" అని లైను మనిషి నేల మీద నుంచే అరుస్తున్నాడు. మీ తాతయ్య ఆ చప్పుడుకి ఇంకా రెచ్చిపోయి లివర్లు రెండూ కలిపి లాగారు.

నేల బద్దలైంది. అమ్మడూ, ఎలా రాస్తావో రాయి. చప్పుడు కాదది, చెవుల్లో ఎవరో పిడిగుద్దులు గుద్దుతున్నట్టుంది. మట్టి పెళ్ళలు తాటిచెట్టంత ఎత్తుకి లేచి మా మీద పడ్డాయి. నా నోటికి ఎదురుగా మా తమ్ముడి నోరు ఆడుతోంది, మాట వినపడట్లేదు. వాసన మాత్రం లేదు. వంటింటి గ్యాసుకి వచ్చే వాసన ఏదీ రాలేదు. అందుకే కూలోళ్ళకి అర్థం కాలేదు, నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

లైను మనిషికి అర్థమైంది. తల పగిలినవాడు లేచి పరిగెత్తి వాళ్ళ టీ పొయ్యిని కాలితో తన్నేశాడు. మరిగే టీ ఆయన పాదాల మీదే పడింది. బురద తీసి నిప్పుల మీద కుమ్మరించాడు. ఒక కూలోడు బండి తాళం తిప్పబోతుంటే చెయ్యి మీద కర్రతో కొట్టి తాళం కాలవలోకి విసిరేశాడు. గాలి ఎటునుంచి వస్తోందో అటు పరిగెత్తమని చేతులతో తోశాడు మమ్మల్ని. ఫోను తియ్యబోయిన ఇంకొకడి చేతిలోది లాగేశాడు. వాళ్ళు ఆయన్ని కాపాడలేదు, ఆయన వాళ్ళని కాపాడాడు. ఇది మాత్రం పెద్ద అక్షరాలతో రాయి.

మీ తాతయ్య క్యాబిన్లోనే ఉండిపోయారు. లివరు వదలట్లేదు. ఇంజను దానంతటదే వెర్రెత్తినట్టు గీపెట్టడం మొదలుపెట్టింది. గ్యాసు పీల్చుకుందట, తర్వాత చెప్పారు. మా తమ్ముడు నా చెయ్యి విదిలించుకున్నాడు. నేను వాడి చొక్కా పట్టుకున్నాను, నిజం చెబుతున్నాను, పట్టుకుని లాగాను, వెళ్ళద్దని. చొక్కా చిరిగి నా చేతిలో మిగిలింది, వాడు వెళ్ళిపోయాడు. ఎవరికోసం? ఇందాక తనే గొంతు పిసికిన మనిషి కోసం.

ఆయన దిగనని గింజుకున్నారు. మా తమ్ముడు మొహం మీద ఒక్క గుద్దు గుద్ది భుజాన వేసుకుని దూకాడు. కుడిచెయ్యి ఆయన తల మీద కప్పి పట్టుకుని పరిగెత్తాడు. సగం దూరం వచ్చారో లేదో మిషను దగ్గర భగ్గుమంది. గాలి మొత్తం ఒక్కసారి లోపలికి పీల్చుకుపోయి మళ్ళీ బయటికి తన్నింది. నేను పడిపోయాను. లేచి చూస్తే గట్టు మీద కొబ్బరిచెట్టు తల అగ్గిపుల్లలా అంటుకుని ఉంది, మిషను మంటలో నల్లగా వంగిపోతోంది, ఇద్దరూ బోదెలో పడి ఉన్నారు. మా తమ్ముడి వీపు మీద పొగ. వాణ్ణి బోదె నీళ్ళలో వెల్లకిలా పొర్లించింది నేనే. చర్మం నా అరచేతులకి అంటుకొచ్చింది.

మీ తాతయ్యకి కనుబొమలు కాలాయి. అంతే.

ఆ మంట మీద నీళ్ళు కొట్టద్దన్నారు కంపెనీవాళ్ళు. రెండు వైపులా ఎక్కడో తిప్పి మూసేస్తే, పైపులో మిగిలిందంతా కాలి అదే ఆరుతుందన్నారు. మధ్యాహ్నం దాటేదాకా అలా ఎగిసి ఎగిసి ఆరింది. మర్నాడు చూస్తే మన చేలో మట్టి ఇటకల్లా ఎర్రగా కాలింది. పైపు నేను కూర్చున్న చోటే ఉంది. జానెడు కూడా తేడా లేదు.

ఏలూరు ఆసుపత్రిలో మా తమ్ముణ్ణి అరటాకుల్లో పడుకోబెట్టారు. పోలీసులు వచ్చి మంచం పక్కన నిలబడ్డారు, మిషను ఎవరు నడిపారని. మీ తాతయ్య అక్కడే, కాళ్ళ దగ్గర స్టూలు మీద. తల ఎత్తలేదు. మా తమ్ముడు నా వైపు చూశాడు. నా మూతి ఇంత వాచి ఉంది. మీ నాన్నకి కొత్తగా ఉద్యోగం వచ్చింది, మీ చిన్నత్తకి సంబంధం చూస్తున్నాం. అవన్నీ వాడి కళ్ళలో కనపడ్డాయి నాకు.

"నేనేనండి. రాయి సరిగ్గా చూసుకోలేదు" అన్నాడు.

లైను మనిషి తలకి కట్టుతో పక్క వార్డులో ఉన్నాడు. ఆయన మాత్రం నిజమే చెప్పాడు. కాకపోతే కూలోళ్ళిద్దరూ మీ తాతయ్య వైపు మాట్లాడారు, నడిపినవాడే నేనంటున్నాడు కదా అన్నారు పోలీసులు. నన్నూ అడిగారు. "అమ్మా, మీకు ఈ దెబ్బెలా తగిలింది?" అని. గట్టు మీద కాలు జారిందన్నాను. వాచిన మూతితో ఆ మాట స్పష్టంగా కూడా రాలేదు, రెండుసార్లు చెప్పించుకున్నారు. రెండుసార్లూ అదే చెప్పాను.

కేసు వాడి మీద నడిచింది. మళ్ళీ ఎవరూ వాడికి మిషను ఇవ్వలేదు. ఇచ్చినా నడపలేడు, కుడిచేతి వేళ్ళు నాలుగూ కలిసి అతుక్కుపోయాయి. చూశావుగా, చెమ్చాతో ఎడంచేత్తో తింటాడు. పెళ్ళి మాట ఎత్తలేదు, మనింటికే వచ్చి గేదెల్ని చూసుకుంటున్నాడు. మీ తాతయ్య పోయేదాకా ఇద్దరూ ఒకే వరండాలో కూర్చుని ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడకుండా గడిపారు. ఆయన ఆఖరి రోజుల్లో మంచం మీద నుంచి ఎత్తి కూర్చోబెట్టింది కూడా వీడే, ఆ చేత్తోనే.

నువ్వు దీన్ని సరిగ్గా అచ్చు తీసి నాకివ్వు. అడుగున వేలిముద్ర కాదు, సంతకమే పెడతాను. కాలవ అవతల ఇంకా చెరువులు తవ్వుతున్నారు, రాళ్ళు గట్ల మీదికి జరిపినవాళ్ళు ఇంకా ఉన్నారు, నాకు తెలుసు ఎవరెవరో. లైను మనిషి ఇంకా ఆ దారినే కుంటుకుంటూ నడుస్తున్నాడు, ఆయనకి ఒక కాగితం. మీ నాన్నకి ఒకటి. పోలీస్ స్టేషనుకి ఒకటి, ఇప్పుడేం చేస్తారో వాళ్ళిష్టం.

మా తమ్ముడికి మాత్రం కాగితం వద్దు. వాడికి నేనే చెప్పాలి. పన్ను సంగతీ, మిషను సంగతీ వాడికి తెలిసినవే. తెలియనిది ఒక్కటే. గుంటలో కూర్చుని అరిచినప్పుడు, పైపు ఆ పాత రాయి కిందే ఉంటుందన్న సంగతి నాకు అప్పుడే తట్టిందనుకున్నాడు వాడు. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాడు. "మా అక్క తెలిసిన వెంటనే పరిగెత్తుకొచ్చింది" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు, గొప్పగా. పన్నెండేళ్ళుగా వింటున్నాను. ముందురోజు వాడు కంచం ముందు కూర్చుని, కుడిచేత్తో ముద్ద పట్టుకుని, నా మొహంలోకి చూసి అక్కా గట్టు కిందేనా అని అడిగినప్పుడే నాకు తెలుసని, పులుసు గరిటె పట్టుకుని నేను—

"అక్కా! ఇంకెంతసేపే? అన్నం చల్లారిపోతోంది. కొరమీను పులుసు వేడిగా ఉండగా రా, నీకు తల ముక్క తీసిపెట్టాను!"

వస్తున్నానురా. ఉండు అమ్మడూ, పెన్ను మూయకు, ఈ మాట ఇవాళ వాడి ఎదురుగా కూర్చునే చెబుతాను.